పడమటింట్లో పరస్థానం

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం కలుసుకునేది మెట్ల మీదే.

తారక్‌ది సోమాజిగూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికావాళ్ళు నిద్రలేచే వేళకి అతను కంప్యూటర్ ముందు ఉండాలి. రాత్రంతా పనిచేశాక కంపెనీ వ్యాను పంజగుట్ట చౌరస్తాలో దింపితే, అక్కణ్ణుంచి ఆటో పట్టుకుని అమీర్‌పేట చేరేవాడు. సరిగ్గా ఆ వేళకే మంజూష పొద్దుటి బ్యాచ్‌కి జావా పాఠం చెప్పడానికి బయల్దేరుతుంది. గోడ కనిపిస్తే చాలు కోర్సు పేరు అతికించే రోజులవి. మైత్రీవనం చుట్టుపక్కల తెల్లారకముందే కుర్రాళ్ళు బల్లల కోసం పరుగులు పెట్టేవాళ్ళు. పంతులమ్మ ఆలస్యంగా వస్తే ఎలా?

"టిఫిన్ చేశావా?" అని అతను కింది మెట్టు మీంచి అడుగుతాడు. "చేశాను, నీకు మూత పెట్టి ఉంచాను," అని ఆమె పై మెట్టు మీంచి చెబుతుంది. పైవాటాలోంచి ఎవరో దిగుతూ దగ్గుతారు. ఇద్దరూ చెరో గోడకీ ఒదుగుతారు. రెండేళ్ళ కాపురంలో వాళ్ళ సరసం అంతకు మించి పెద్దగా సాగలేదంటే నమ్మాలి మరి.

ఇంట్లో అత్తగారు ఉదయలక్ష్మి, మామగారు రామ్మోహనరావు. నరసాపురం దగ్గర్నుంచి కొడుకు ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. ఇద్దరూ మంచివాళ్ళే. కోడల్ని పల్లెత్తు మాట అనరు. కాకపోతే ఆ ఇంట్లో పగలు గది తలుపు వేసుకునే అలవాటు లేదు. తారక్ నిద్రపోయేది పగలు, ఆదివారాలు చుట్టాలవి. పెళ్ళయిన కొత్తలో అన్నవరం వెళ్ళారు, తిరుపతి వెళ్ళారు, కానీ రెండుసార్లూ వ్యాను నిండా బంధువులే. హనీమూన్ అన్న మాట ఎవరైనా ఎత్తే లోపు తారక్ ఆఫీసులో ఏదో కొంప మునిగే పని వచ్చిపడింది.

అందుకే ఆ డిసెంబరులో అతనికి సెలవు దొరికిందనగానే మంజూష ఆగలేదు. పంజగుట్టలో ట్రావెల్స్ ఆఫీసుకి తనే వెళ్ళింది. బొంబాయి రెండు రోజులు, గోవా నాలుగు రోజులు. బొంబాయిలో ఏం చెయ్యాలో ఆమె దగ్గర పెద్ద పథకం ఉంది. రెండంతస్తుల బస్సు పైభాగంలో ముందు సీటు, ఫుట్‌పాత్ మీద వడాపావ్, కొనకపోయినా బట్టల దుకాణాలన్నీ చూడటం. గోవాలో ఏం చేస్తావే అని తోటి టీచరు అడిగితే, "ఏమీ చెయ్యను. ఆయన పక్కన ఇసకలో కూర్చుంటాను. మెట్లు దిగుతూ ఎవరూ దగ్గరు," అంది.

ప్రయాణం శుక్రవారం మధ్యాహ్నం. గురువారం పొద్దున మంజూష ఎప్పట్లాగే తారక్‌ని మెట్ల మీద దాటి, రెండు మెట్లు దిగిందో లేదో, ఎదురువాటా భూలక్ష్మి తలుపు తీసి పిలిచింది. ఆమె భర్త పోచయ్య ఆర్టీసీలో డ్రైవరు. పెరుగు తోడు దగ్గర్నుంచి గ్యాసు సిలిండరు దాకా రెండిళ్ళ మధ్యా ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి.

"ఏం మంజూష, రేపే గద మీ ప్రయాణం. మీ మామగారు నిన్న పొద్దుగాలనే సంచులు తెచ్చి మా దేవునర్రల పెట్టిండ్రు. శుక్రారం నాడు పడమట దిక్కు పోవద్దంట గద. మా పిల్లగాండ్లు ముడుతరేమోనని బీరువ మీదికి ఎక్కించిన. జర వచ్చి చూసుకో," అంది.

మంచి రోజు ఒకటీ, రైలు రోజు ఇంకొకటీ అయినప్పుడు పెద్దవాళ్ళు చేసే పని ఇది. పరస్థానం అంటారు. మంచి ఘడియలో సంచిని ముందుగా గడప దాటించి, వెళ్ళే దిక్కున ఉన్న ఇంట్లో ఉంచుతారు. సంచి బయల్దేరితే మనిషి బయల్దేరినట్టే లెక్క. మర్నాడు మనిషి వెళ్ళి దాన్ని కలుసుకుంటాడు. అలా పెట్టిన సంచి ప్రయాణం చెయ్యకుండా తిరిగి ఇంట్లోకి రాకూడదు. భూలక్ష్మి వాటా వీళ్ళకి సరిగ్గా పడమర.

'మా కోసం ఎంత శ్రద్ధ ఈయనకి' అని మంజూష మనసు మెత్తబడింది. ఆ మెత్తదనం బీరువా దగ్గరికి వెళ్ళేదాకానే. ఆ సంచులు తనవీ కావు, తారక్‌వీ కావు. ఒకటి అత్తగారి నీలం సంచి. రెండోది మామగారు ఉద్యోగం రోజుల్లో క్యాంపులకి పట్టుకెళ్ళిన ఖాకీ సంచి. దాని జిప్పులోంచి మంకీ క్యాపు తొంగిచూస్తోంది.

గోవాకి మంకీ క్యాపు.

పది రోజుల్నుంచీ అత్తగారు జంతికలు చేస్తుంటే, సున్నుండలు చుడుతుంటే, పిల్లలు దారిలో తినడానికి కాబోలు అనుకుంది మంజూష. ఆవిడ స్వెటరు ఎండలో వేస్తే చలికాలం కదా అనుకుంది. ఇప్పుడు అన్నీ ఒక్కసారి తెలిశాయి. ఆ రోజు పాఠం లేదని ఫోన్ చేసి చెప్పేసి వెనక్కి మెట్లెక్కింది.

తారక్ మంచం మీద కూర్చుని మేజోళ్ళు విప్పుతున్నాడు.

"అత్తయ్యగారూ మావయ్యగారూ మనతో వస్తున్నారా?"

అతను మేజోడు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "నీకు చెబుదామనే అనుకుంటున్నా మంజూ."

"నాకు చెప్పడం కాదు. వాళ్ళకి ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు. అక్కడే వచ్చింది చిక్కు. ఆ రోజు భోజనాల దగ్గర బొంబాయి, గోవా వెళ్తున్నాం అన్నాను. నాన్న వెంటనే లేచి పంచాంగం తెచ్చారు. శుక్రవారమా, పడమటికి శూల కదరా, పరస్థానం పెట్టాలి అన్నారు. అమ్మ నవ్వుతోంది. ఆ మొహాలు చూస్తూ 'మీరు కాదు' అని ఎలా అనమంటావు? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ..."

"మరి వాళ్ళకి టికెట్లు?"

అతను తల దించుకున్నాడు. "ట్రావెల్స్ వాళ్ళకి చెప్పి ఇంకో రెండు తీయించాను. వేరే బోగీలో దొరికాయి. గోవాలో మన పక్క గది కూడా."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పాపం తారక్ సంగతి అదే. కానీ పాపం అనుకునే ఓపిక మంజూషకి లేదు. అత్తమామలు వస్తున్నారన్న బాధ ఒక ఎత్తు, తనతో మాట మాత్రమైనా అనకుండా తన నాలుగు రోజుల్నీ అతను దానం చేసేశాడన్న బాధ ఇంకో ఎత్తు. ఆమె గొంతు పెరిగింది.

"నా మొగుడితో నాలుగు రోజులు ఉండాలంటే నేను ఎవర్ని అడగాలి చెప్పు. ఇంట్లో నలుగురం, రైల్లో నలుగురం, అక్కడా నలుగురం. ఇంకెందుకు వెళ్ళడం? బాత్‌రూమ్‌లో బకెట్టు నిండా నీళ్ళు పట్టుకుని అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే సరిపోదూ? మీ అమ్మనీ నాన్ననీ తీసుకుని నువ్వు వెళ్ళు. నేను రాను."

ఆ గది తలుపు పగలు వెయ్యరని చెప్పాను కదా. గుమ్మంలో ఉదయలక్ష్మి రెండు గ్లాసుల కాఫీతో నిలబడి ఉంది. కోడలు క్లాసుకి వెళ్ళకుండా తిరిగొచ్చిందే, ఒంట్లో బాగాలేదేమోనని తెచ్చిన కాఫీ.  ఆవిడ గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ వెనక హాల్లో రామ్మోహనరావు పేపరు మడిచి, చెప్పులు వేసుకోవడం కనిపించింది.

"నాన్నా, ఎక్కడికి?" అన్నాడు తారక్.

"సంచులు తెచ్చేస్తాను," అన్నాడాయన. మొహం చూపించలేదు.

 మంజూష అన్నది అబద్ధం కాదు. కానీ వినవలసినవాళ్ళు వేరు, విన్నవాళ్ళు వేరు. ఆమె ఆయన వెనకే వెళ్ళేసరికి భూలక్ష్మి ఇంటి గుమ్మంలో పెద్ద పంచాయితీ నడుస్తోంది. రామ్మోహనరావు చేతిలో ఖాకీ సంచి ఉంది. భూలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"గట్లెట్ల వెనక్కి తీస్కపోతరు సార్? పెట్టినంక ప్రయాణం చెయ్యకుంటె మంచిగుండదని మీరే చెప్పిండ్రు గద. మీకే కాదు, మా ఇంటికి సుత మంచిది కాదు. నేనైతె తీస్కపోనియ్య."

"ప్రయాణం లేదమ్మా. మాకు లేదు."

"టికెట్లు దొరకలేదా? మా ఆయనకు చెప్త, బస్సుల సీట్లు చూస్తడు. ఫికర్ చెయ్యకుండ్రి."

ఆయన ముందుకీ వెళ్ళలేక, వెనక్కీ రాలేక సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఊళ్ళో పది మందికి మంచి చెడ్డా చెప్పిన మనిషి. ఆయన్ని అలా చూడలేక మంజూష పక్కకి తిరిగింది. అప్పుడు ఉదయలక్ష్మి వచ్చింది. కొంగు నడుముకి బిగించి ఉంది. భర్త చేతిలోంచి సంచి తీసుకుని భూలక్ష్మి చేతికిచ్చింది.

"దీన్ని ఉన్నచోటే ఉండనివ్వమ్మా. మీరు లోపలికి రండి," అంది భర్తతో.

హాల్లోకి రాగానే ఉదయలక్ష్మి వీధి తలుపు మూసింది.  రామ్మోహనరావే మొదలుపెట్టాడు.

"మమ్మల్ని రమ్మని ఎవరూ అనలేదమ్మా. నిజమే. వెళ్తున్నాం అంటే నలుగురం అనుకున్నాను. మా ఇళ్ళల్లో ఎప్పుడు ఎవరు ఎక్కడికెళ్ళినా అందరం వెళ్ళేవాళ్ళం. అది తప్ప ఇంకోలా ఉంటుందని నాకు తట్టలేదు. పొద్దున్న నడకలో అందరికీ చెప్పుకున్నాను కూడా. పెద్దవాణ్ణి, అడిగి తెలుసుకోవాల్సింది."

ఆయన కోప్పడినా బాగుండేది. మంజూష కళ్ళు నేలకి దిగాయి. మాట్లాడాల్సినవాడు మాట్లాడతాడేమోనని తారక్ వైపు చూసింది. అతను గోడకి ఆనుకుని ఉన్నాడు. అక్కణ్ణుంచి కదిలి వచ్చి తండ్రి ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"తప్పు నాది నాన్నా. మంజూ మా ఇద్దరి కోసమే అడిగింది. నేను ఆ రోజే మీకు చెప్పాల్సింది. మీకు చెప్పలేదు, తనకీ చెప్పలేదు. ఎవరికీ బాధ కలగకూడదనుకున్నాను."

"చెబితే నేనేమన్నా నిన్ను కొడతానట్రా?"

"కొట్టరు. మీరు చిన్నబుచ్చుకుంటే చూడలేను. అందుకని తన మనసు కష్టపెట్టాను. తనైతే సర్దుకుంటుంది కదా అనుకున్నాను."

'తనైతే సర్దుకుంటుంది.' ఆ మాట అతని నోటితో బయటికి వచ్చేసరికి మంజూషకి ఏడుపు ఆగలేదు. కోపంతో కాదు. రెండేళ్ళుగా తనకి తెలిసి, పేరు పెట్టలేని సంగతి అదే కాబట్టి.

ఉదయలక్ష్మి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మంజూష కళ్ళు తుడుచుకుని వెనకే వెళ్ళింది. ఆవిడ జంతికల డబ్బా ముందు పెట్టుకుని, అందులోవి సగం ఇంకో డబ్బాలోకి సర్దుతోంది.

"అత్తయ్యగారూ, నేనన్న మాటలు..."

"వెనక్కి తీసుకోకు," అంది ఆవిడ తల ఎత్తకుండా. "గుమ్మంలో నిలబడి విన్నప్పుడు ఒళ్ళు మండింది, కాదనను. కడుపున పుట్టినవాడితో నాలుగు రోజులు వెళ్తే ఈ పిల్లకి అంత బరువైపోయామా అనుకున్నాను. తర్వాత ఇక్కడికొచ్చి నిలబడ్డాక, ఆ మాటలు ఎక్కడో విన్నట్టే ఉందే అనిపించింది. ఎక్కడా వినలేదు. నా లోపలే ఉన్నాయి."

మంజూషకి అర్థం కాలేదు.

"మాకు సముద్రం దగ్గరే. ప్రతి కార్తీకంలోనూ స్నానాలకి వెళ్ళేవాళ్ళం. అత్తగారు, ముగ్గురు ఆడపడుచులు, వాళ్ళ పిల్లలు. నేను ఒడ్డున తడిబట్టలు పిండటం, ఏ పిల్ల ఎటు పోయిందో చూసుకోవడం, పులిహోర పొట్లాలు విప్పడం. ఆయన మగవాళ్ళతో అటు వైపు ఎక్కడో ఉండేవారు. అన్నిసార్లు వెళ్ళానా, సముద్రాన్ని ఒక్కసారి ఊరికే కూర్చుని చూడలేదు. ఆయన పక్కన కూర్చోవడం మాట దేవుడెరుగు. నీలాగా అడగాలని నాకూ ఉండేది. నోరు రాలేదు. వచ్చినా, ఎవరితో అంటాను?"

"మరి ఇప్పుడు రండి అత్తయ్యగారూ. నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. నలుగురం వెళ్దాం."

ఉదయలక్ష్మి నవ్వింది. ఆ నవ్వులో కాస్త సిగ్గు కూడా ఉంది. "పిచ్చిదానా, నీ బాధ నీకే ఉందనుకున్నావా? పక్క గదిలో కొడుకూ కోడలూ ఉంటే నేను మాత్రం ఆయనతో నీళ్ళలోకి దిగుతానా? చీర తడుస్తుందనీ, మోకాళ్ళ నొప్పులనీ చెప్పి, మళ్ళీ ఒడ్డున మీ చెప్పులకి కాపలా కూర్చుంటాను. నాకూ వద్దమ్మా ఆ గోవా."

మంజూష ఒక్కక్షణం ఆవిణ్ణి అలాగే చూసింది. ఇన్నాళ్ళూ ఆ వంటింట్లో తనకి కనిపించింది అత్తగారు మాత్రమే. ముప్ఫై ఏళ్ళుగా నోరు మూసుకుని ఉన్న ఒక పెళ్ళాం కనిపించడం ఇదే మొదలు. దగ్గరికి వెళ్ళి ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఉదయలక్ష్మి నూనె చేతులు దూరంగా పట్టుకుని, "జాకెట్టు పాడవుతుందే," అంటూనే తనూ ఏడ్చింది.

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని హాల్లోకి వచ్చి నిలబడింది. "ఏవండీ, బొంబాయిలో సముద్రం రోడ్డు పక్కనే ఉంటుందన్నారు కదూ?"

"ఉంటుంది. మెరీన్ డ్రైవ్ అని. అయినా ఇప్పుడెందుకు అదంతా?"

"మనం అక్కడే దిగిపోదాం. పిల్లలు గోవా వెళ్తారు. ఒరే తారక్, ఆ పక్క గది వద్దని చెప్పి, మాకు బొంబాయిలో ఏదైనా మంచి హోటల్లో గది చూడు. మొదటి రెండు రోజులూ కూడా మీ తిరుగుడు మీది, మా తిరుగుడు మాది."

రామ్మోహనరావు కళ్ళజోడు తీసి భార్యని చూశాడు. "ఆరు రోజులు అక్కడ మనిద్దరం ఏం చేస్తామే?"

"ఏమీ చెయ్యం. ఊరికే కూర్చుంటాం. మీకు కష్టమా?"

"పిల్లల ముందు ఏం మాటలే అవి," అని గొణిగి ఆయన పేపరు అందుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కాసేపాగి పేపరు వెనకనుంచి, "అక్కడ అందరూ హిందీయే. నాకు బాగానే వచ్చు," అన్నాడు. తారక్ నవ్వబోయి, తల్లి చూపు చూసి, ఫోన్ అందుకుని బాల్కనీలోకి వెళ్ళాడు.

మర్నాడు పెద్దవాళ్ళిద్దరూ ఎదురింట్లోంచి సంచులు తీసుకుని, మళ్ళీ తమ గడప తొక్కకుండా అట్నుంచి అటే ఆటో ఎక్కారు. వెళ్ళేముందు భూలక్ష్మి ఉదయలక్ష్మి నుదుట బొట్టు పెట్టి, "మంచిగ తిరిగి రాండ్రి," అంది.

నాంపల్లి స్టేషన్ కిటకిటలాడుతోంది. పిల్లల బోగీ ముందు, పెద్దవాళ్ళది బాగా వెనక. సామాను దింపి తారక్ చొక్కా చేతులు మడిచాడు.

"అమ్మా, టీసీని అడిగి బెర్తులు మార్పిస్తాను. నలుగురం ఒకేచోట కూర్చోవచ్చు. ఎవరో ఒకరు ఒప్పుకుంటారు," అన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఎవర్నీ అడక్కు," అంది ఉదయలక్ష్మి.

మంజూషకే మనసాగలేదు. "పోనీ భోజనాల వేళకైనా మీ దగ్గరికి వస్తాం అత్తయ్యగారూ."

"మీ పులిహోర మీ సంచిలో పెట్టాను. మాది మాకుంది. పొద్దున్న దిగాక కనిపించండి చాలు," అని ఆవిడ నీలం సంచి ఎత్తుకుంది. రామ్మోహనరావు దాన్ని ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. జనం ఒరుసుకుంటూ పోతున్నారు. నాలుగడుగులు వేశాక ఆయన ఆగి, రెండు సంచులూ ఒకే చేతికి మార్చుకుని, ఖాళీ అయిన చెయ్యి భార్య వైపు చాపాడు. ఆవిడ అటూ ఇటూ చూసింది. తర్వాత ఆ చెయ్యి పట్టుకుంది. అలాగే ఇద్దరూ ప్లాట్‌ఫామ్ పొడవునా నడుచుకుంటూ వెళ్ళారు.

మంజూష కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. తారక్ కంగారుపడ్డాడు. "ఏమైంది? వాళ్ళని అలా పంపడం నీకు కష్టంగా ఉందా? పిలవనా?"

"పిలవకు." ఆమె చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. "వాళ్ళకి ఇంత వయసు వచ్చాక కుదిరింది తారక్. మనం అన్నేళ్ళు ఆగొద్దు. ఈసారి నువ్వు ఎవరికైనా 'సరే' అనేముందు నన్నొకసారి అడుగు. చాలు."

"అడుగుతాను," అన్నాడు తారక్. "ఇప్పుడొకటి అడగనా?"

"ఏంటి?"

"నీ చెయ్యి పట్టుకోనా? అందరూ చూస్తున్నారు."

"చూడనీ," అంది మంజూష.